డబ్ టెక్నో ఈపీని స్ట్రీమింగ్‌లోకి ఎప్పుడు పంపాలి?

మేమిద్దరం హైదరాబాద్‌లో డబ్ టెక్నో (ప్రతిధ్వనులతో మెల్లగా సాగే ఎలక్ట్రానిక్ సంగీతం) చేస్తాం. మొహాలు చూపించం, రీల్స్ పెట్టం. అమెరికాలోని డెట్రాయిట్‌లో అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే టెక్నో బృందం వాళ్లు ఎనభైల చివర్లో మొదలై, ముసుగులతోనే జనానికి చేరారు. ఆ పద్ధతంటే మాకు ప్రాణం. కాకపోతే వాళ్లు సబ్‌మర్జ్ పేరుతో సొంత పంపిణీ పెట్టుకున్నారు. మాకు అదే లేదు.

మొదటి ఈపీ (ఆల్బమ్ కంటే చిన్న రిలీజ్) నాలుగు ట్రాకులు. డౌన్‌లోడ్‌లు అమ్మే ఒక సైట్‌లో మాత్రమే పెట్టాం. బయటి దేశాల వాళ్లు కొన్నారు కానీ ఇక్కడివాళ్ల కార్డులు చెల్లింపు దగ్గరే ఆగిపోయాయి. గిగ్‌లో యూపీఐ క్యూఆర్ పెట్టి డౌన్‌లోడ్ కోడ్‌లు అమ్మాం. బాగానే పోయాయి, అయితే ఆ రాత్రి ఆ గదిలో ఉన్నవాళ్లకే.

తర్వాత డిస్ట్రిబ్యూటర్ (పాటల్ని స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే సంస్థ) ద్వారా ఆరు వారాలు స్ట్రీమింగ్‌లో ఉంచాం. ప్లేలు ఎక్కువగా నిద్ర, చదువు ప్లేలిస్టుల నుంచి వచ్చాయి. మా ట్రాక్ తొమ్మిది నిమిషాలు, కిక్ డ్రమ్ బీట్ రెండో నిమిషంలో గానీ రాదు. చాలామంది నలభై సెకన్లకే దాటేశారు. పైగా స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదికి 1000 ప్లేలు రాని ట్రాక్‌కి రాయల్టీయే లేదు. తీసేశాం. తీసేశాక "ఎక్కడ వినాలి?" అని మన ఊరివాళ్లే అడుగుతున్నారు, అది నిజంగా బాధగా ఉంది.

కొత్త ఈపీ మార్చిలో వస్తుంది. లేబుల్ లేకుండా సొంతంగా రిలీజ్ చేసినవాళ్లు చెప్పండి: ముందు డౌన్‌లోడ్‌గా వదిలి, ఎన్ని నెలలు ఆగి స్ట్రీమింగ్‌లో పెడితే కొనేవాళ్లు తగ్గకుండా ఉన్నారు?