ముద్ద ఉంచాలా, నీళ్లు ఉంచాలా: స్వీడన్‌లోని ఉప్సలా వచ్చిన పర్లాకిమిడి చెల్లాయికి

చెల్లాయ్, మోనోక్లోనల్ యాంటీబాడీని (ఒకే కణం సంతతి తయారుచేసే ఒకే రకం యాంటీబాడీని) శుద్ధి చెయ్యడానికి అమ్మోనియం సల్ఫేటా, కాప్రిలిక్ ఆమ్లమా, నేరుగా ప్రొటీన్-ఏ కాలమ్ (యాంటీబాడీని పట్టుకునే ప్రొటీన్ నింపిన గొట్టం) వాడాలా అని అడిగావు. నాది బరంపురం. అక్కడి లెక్కలోనే చెబుతాను.

మిఠాయి కొట్టు వెనక పాలు విరిచి, గుడ్డలో మూటగట్టి, నీళ్లు కారబెట్టి ఛెనా తీస్తారు కదా. అమ్మోనియం సల్ఫేట్ అనే ఉప్పూ అంతే. యాంటీబాడీ ముద్దలోకి దిగుతుంది, నీళ్లు వద్దు. కాప్రిలిక్ ఆమ్లం దీనికి తలకిందులు. పీహెచ్ 4.5 దగ్గర అల్బుమిన్ లాంటివి విరిగిపోతాయి, మనకు కావలసింది నీళ్లలో ఉండిపోతుంది. వచ్చిన కొత్తలో నేను ఛెనా బుద్ధితో ముద్ద దాచుకుని నీళ్లు పారబోశాను. మూడు వారాల కల్చర్ (పెంచిన కణాల ద్రవం) పోయింది. ఇప్పుడు జెల్ మీద (ప్రొటీన్లను సైజువారీగా విడదీసి చూపే పరీక్షలో) చూసేదాకా ఏ ట్యూబూ పారెయ్యను.

ఏ పద్ధతైనా ముందు సెంట్రిఫ్యూజ్ చేసి, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టు. లేకపోతే కాలమ్ మూసుకుపోతుంది. సల్ఫేట్‌ను చల్లగా, మెల్లగా కలుపుతూ 50 శాతం సంతృప్తత దాకా తీసుకెళ్లు, నురగ రానివ్వకు. తర్వాత ఉప్పు తీసేసే డయాలసిస్ సంచిలో కాస్త ఖాళీ వదులు. లోపలి ఉప్పు నీళ్లు లాక్కుని తెల్లారేసరికి అది పూరీలా ఉబ్బుతుంది.

ఎక్కువ శుభ్రంగా వచ్చేది ప్రొటీన్-ఏ తోనే. కానీ ఎలుక ఐజీజీ1 (ఐజీజీ అనే యాంటీబాడీలో ఒక ఉపరకం) దానికి సరిగా అంటుకోదు. దానికి ప్రొటీన్-జీ మేలు. మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో) ఆవు సీరం ఉంటే ఆవు ఐజీజీ కూడా వచ్చి కూర్చుంటుంది, అది చూసుకో. నీ క్లోన్ (యాంటీబాడీ తయారుచేసే కణాల వరస) సబ్‌క్లాస్, అంటే ఉపరకం, ఏమిటో ముందే ప్రొఫెసర్‌ని అడుగు. ఇక్కడ ఆయన్నీ పేరు పెట్టే పిలుస్తారు. నాకు రెండు నెలలు నోరు తిరగలేదు. ఆ మొహమాటంతో కాలమ్ పాడుచేసుకోకు.

కాలమ్ నుంచి పీహెచ్ 3 దగ్గర దింపేటప్పుడు, కింద పట్టే ట్యూబుల్లో ట్రిస్ (ఆమ్లాన్ని తటస్థం చేసే బఫర్) ముందే పోసి ఉంచు. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంటే యాంటీబాడీ గుంపు కట్టేస్తుంది.

*

రాయగడ నుంచి వచ్చిన పాతకాపును. అన్నయ్య చెప్పింది సరే. ఎలుక ఐజీఎం (ఇంకో రకం యాంటీబాడీ) అయితే మాత్రం ఏ, జీ రెండింటి మీదా ఆశ పెట్టుకోకమ్మా. ఇంకోటి, సోడియం అజైడ్ (చెడిపోకుండా వేసే విషపదార్థం) కలిపిన బఫర్ సింకులో పొయ్యకు. సీసం, రాగి గొట్టాల్లో పేలే పదార్థం తయారవుతుంది. వేస్ట్ డబ్బా ఎక్కడుందో మొదటిరోజే కనుక్కో.