దొమ్మ రోగపు లక్షణాలతో చంపే సెరియస్: ఇది ఎలా సాధ్యం?

ప్రశ్న:
మా ఇంట్లో తాతగారి కాలం నుంచి గొర్రెల మంద ఉంది కనుక దొమ్మ రోగం నాకు కొత్త కాదు. సాయంత్రం వరకు మేసిన గొర్రె తెల్లవారేసరికి ఉబ్బి పడి ఉంటుంది, ముక్కు నుంచి గడ్డకట్టని నల్లని నెత్తురు కారుతుంది, దానిని కోయవద్దని పెద్దలు గద్దిస్తారు. పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ దేశపు తాయ్ అడవిలో 2001-02లో చింపాంజీలు ఇంచుమించు ఇలాగే ఉన్నట్టుండి చనిపోయాయని, తరువాతి పరిశోధనలో కారణం దొమ్మ రోగాన్ని (ఆంథ్రాక్స్) కలిగించే బాసిల్లస్ ఆంథ్రాసిస్ అనే బాక్టీరియా కాదు, దాని బంధువైన బాసిల్లస్ సెరియస్ అని తేలిందని చదివాను. చద్దన్నంలో పెరిగి వాంతులు తెప్పించే సూక్ష్మజీవికి ఇంతటి శక్తి ఎక్కడిది?

మొదటి జవాబు:
పేరు చూసి మోసపోకండి. దొమ్మ రోగాన్ని కలిగించే శక్తి ప్రధానంగా రెండు ప్లాస్మిడ్లలో, అంటే క్రోమోజోముతో సంబంధం లేకుండా విడిగా ఉండే డి.ఎన్.ఎ. వలయాలలో ఉంటుంది. సుమారు 1,82,000 బేస్ జతల (డి.ఎన్.ఎ. పొడవుకు కొలమానం) పెద్ద వలయంలో టాక్సిన్ (విషం) జన్యువులు, 95,000 జతల చిన్నదానిలో క్యాప్సూల్ అనే జిగట తొడుగును తయారుచేసే జన్యువులు ఉంటాయి. తాయ్ సెరియస్‌లో ఈ రెండింటికీ దాదాపు నకళ్లే ఉన్నాయి.

తొడుగు ఉన్న సూక్ష్మజీవిని తెల్ల రక్తకణాలు సులభంగా మింగలేవు. టాక్సిన్ పని ఇంకా విచిత్రంగా ఉంటుంది. ముందుగా ఒక ప్రొటీన్ కణం పైపొరకు అంటుకుంటుంది. ఆ కణానికే చెందిన ఎంజైము దానిని కత్తిరించగా, మిగిలిన ముక్కలు ఏడెనిమిది కలిసి ఉంగరంలా ఏర్పడి, మరో రెండు ప్రొటీన్లకు లోపలికి దారి ఇస్తాయి. వాటిలో ఒకటి కణంలో సంకేతాలను చేరవేసే ప్రొటీన్లను తెగ్గొడుతుంది, రెండవది నీరు చేరి వాపు వచ్చేలా చేస్తుంది. తలుపు గడియ మన చేతనే తీయించి లోపలికి వచ్చే దొంగ అన్నమాట.

రెండవ జవాబు:
పై జవాబు సరైనదే, కానీ ప్లాస్మిడ్లే సర్వస్వం అనుకోకూడదు. అవి లేని మామూలు సెరియస్ కూడా, పాలిచ్చే ఆవు పొదుగులోకి శుభ్రత లేని ట్యూబు మందుతో పాటు చేరితే, పొదుగు కుళ్లిపోయేంత తీవ్రమైన పొదుగువాపును కలిగించగలదు. అది వేరే టాక్సిన్ల పని. ఆ టాక్సిన్ల తయారీని నడిపించే జన్యువు ఆంథ్రాసిస్‌లో చెడిపోయి ఉంటుంది. తాయ్ సెరియస్‌లోనూ చెడిపోయింది, అయితే అక్కడి మ్యుటేషన్ (జన్యువులో వచ్చిన మార్పు) వేరు. ఒకే స్విచ్చు రెండు ఇళ్లలో వేర్వేరు కారణాలతో పాడవడం నాకు మాత్రం ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. తాయ్ సెరియస్ అడవి జంతువులకే పరిమితమా? పరీక్షలో దీనినీ ఆంథ్రాసిస్‌నూ విడదీయగలరా?

మొదటి జవాబు రాసినవారు:
పరిమితం కాదు; కాంగోలో ఒక మేకలోనూ ఇది దొరికింది. ఇక తాయ్ అడవిలో 26 ఏళ్లలో సేకరించిన 204 కళేబరాల నమూనాలను పరీక్షించగా 81లో ఇది కనిపించిందని 2017లో ప్రకటించారు. కళేబరాలపై వాలే ఈగలలోనూ ఇది ఉంది.

పరీక్ష విషయానికి వస్తే, చెవి నరం నుంచి తీసిన నెత్తుటి చుక్కను స్లైడుపై పలుచగా పూసి, పాతబడిన మిథిలీన్ బ్లూతో రంగు వేసి చూస్తే, దొమ్మ రోగంలో చదరపు కొనల నీలి కడ్డీల చుట్టూ గులాబీ రంగు తొడుగు కనిపిస్తుంది. తాయ్ సెరియస్‌కూ తొడుగు ఉంది కనుక ఇక్కడ తేడా పట్టుకోవడం కష్టం. చిక్కు కల్చర్ (ప్రయోగశాలలో సూక్ష్మజీవిని పెంచి చూడడం) దగ్గర వస్తుంది: ఆంథ్రాసిస్ కదలదు, గామా ఫేజ్ అనే వైరస్‌కు లొంగుతుంది; తాయ్ సెరియస్ సాధారణంగా కదులుతుంది, ఆ ఫేజ్‌కు లొంగదు. అందువల్ల పాత పద్ధతులనే నమ్ముకున్న ప్రయోగశాల దీనిని మట్టి నుంచి వచ్చిన కల్తీగా భావించి పక్కన పడేసే ప్రమాదం ఉంది. ప్లాస్మిడ్ జన్యువులకూ, క్రోమోజోముకూ విడివిడిగా పి.సి.ఆర్. (ఎంచుకున్న డి.ఎన్.ఎ. ముక్కను పెంచి గుర్తించే పరీక్ష) చేస్తేనే సంగతి తేలుతుంది.