చేత్తో తిప్పితే ఎదురు తిరిగింది: ఓపెన్ డిఫరెన్షియలేనా?

చెరువుగట్టు: సెకండ్ హ్యాండ్‌లో జీపు కొన్నానండి. వెనక లాకింగ్ డిఫరెన్షియల్ ఉందన్నాడు అమ్మినాయన, అంటే రెండు చక్రాలకీ బలం పంచే పళ్లచక్రాల పెట్టె, ఒక చక్రం జారితే రెండిటినీ కలిపి పట్టేస్తుందట. మొన్న వానకి ఆకివీడు దగ్గర గట్టు మీద ఎడం చక్రం గిర్రున తిరిగింది, కుడిది కదల్లేదు. ఎలా తేల్చుకోవాలి? ఆ పెట్టెలో ఆయిల్ ఏది పొయ్యాలి?

రాజోలు షెడ్డు: 22 ఏళ్లుగా ఇదే పని. ముందు చక్రాలకి ఇటుకలు అడ్డుపెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండు మీద నిలబెట్టండి. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు వదిలెయ్యాలి. ఒక చక్రం చేత్తో తిప్పండి. రెండోది ఎదురు తిరిగితే ఓపెన్, అంటే లాకు లేని మామూలు రకం. అటే తిరిగితే లిమిటెడ్ స్లిప్, అంటే లోపల క్లచ్ ప్లేట్లతో జారుడు తగ్గించే రకం. అంతే. మీది ఓపెనే, మిమ్మల్ని మోసం చేశాడు.

దమ్ముచక్రం: ట్రాక్టరుకి ఈ బాధ లేదు, పెడల్ తొక్కితే లాకే. కానీ తొక్కిపట్టి మలుపు తిప్పకండి. మా తమ్ముడు తిప్పాడు, దమ్ము మధ్యలో యాక్సిల్ పోయింది. నాట్లు పది రోజులు వెనకబడ్డాయి.

పాతజీపు: "అంతే" ఏంటండీ? మహీంద్రా థార్‌లో వచ్చే ఈటన్ కంపెనీ లాకర్, రెండు చక్రాల వేగంలో నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా వస్తేనే పడుతుంది. చేత్తో తిప్పితే అచ్చం ఓపెన్‌లాగే ఎదురు తిరుగుతుంది. ప్లేట్లు లేకుండా పళ్లచక్రాలతోనే పట్టే టోర్సెన్ రకం కూడా చక్రాలు గాల్లో ఉంటే అంతే. తెలుసుకోకుండా ఒక మనిషిని మోసగాడంటారా?

రాజోలు షెడ్డు: మీరు చదివి చెప్తున్నారు, నేను హౌసింగ్ విప్పి చెప్తున్నాను. ఓపెన్‌లో పళ్లచక్రాలే ఉంటాయి, క్లచ్ ప్లేట్లుండవు.

పాతజీపు: నేనూ విప్పానండి, రెండుసార్లు. ప్లేట్ల రకానికి మీ పరీక్ష సరే. ఇంకా గట్టిగా తెలియాలంటే ఇంజన్ ఆపి గేరులో పెట్టి తిప్పమనండి, ఓపెన్ అయితే తేలిగ్గా తిరుగుతుంది, ప్లేట్లుంటే మొండికేస్తుంది. అన్ని రకాలకీ ఒకే కొలతంటేనే ఒప్పుకోను.

లంకపిల్ల: స్టాండు మాట మరిచిపోకండి. మా అన్నయ్య ఒక్క చక్రమే లేపి, ఇంజన్ నడుస్తుండగా గేరు వేశాడు. లిమిటెడ్ స్లిప్ బండి. నేల మీదున్న చక్రం లాగేసింది, జాకీ పడిపోయింది, బండి వెళ్లి గోడని గుద్దింది. అన్నయ్య పక్కకి దూకబట్టి బతికాడు.

కాలవదారి: దిగబడితే హ్యాండ్ బ్రేకు రెండు పళ్లు లాగి మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వండి. తేలిగ్గా తిరిగే చక్రానికి బ్రేకు పడితే రెండోదానికీ బలం వెళ్తుంది. ఓపెన్ బండిని ఇలాగే మూడుసార్లు గట్టెక్కించాను.

దమ్ముచక్రం: అలా లాగితే బ్రేకు లైనర్లు మాడిపోతాయి.

కాలవదారి: పది సెకన్లకి మాడవు లెండి.

చెరువుగట్టు: ఈ రోజు చూశాను. చక్రాలకి సుద్దముక్కతో గీత గీసి తిప్పితే ఎదురే తిరిగాయి. తరవాత ఎడం చక్రం బురదలో పెట్టి, మొన్నలా భయపడకుండా కాస్త గట్టిగా నొక్కాను. టక్‌మని చప్పుడైంది, కుడి చక్రం పట్టి బండి బయటికొచ్చింది. అమ్మినాయనకి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఆయిల్ సంగతి ఎవరూ చెప్పలేదు?

రాజోలు షెడ్డు: బండి పుస్తకంలో రాసిందే పొయ్యండి. ప్లేట్ల రకమైతే డబ్బా మీద లిమిటెడ్ స్లిప్ అని ఉండాలి. ఆ టక్ చప్పుడు ఒకసారి వినాలి నేను, బండి తీసుకురండి.