బానిత్సా, బానిౘా?

సోఫియా నుంచి: బల్గేరియా వచ్చి మూడు వారాలైంది. పొద్దున్నే మెట్రోకి పోతూ కొట్టు కిటికీ దగ్గర "బానిచా" అని అడిగితే పెద్దావిడ నవ్వి, నాలుక పళ్లకి ఆనించి రెండుసార్లు పలికి చూపించింది. కాగితంలో ఇచ్చిన ముక్క, వేలు తగిలితే పైపొర పెళపెళ రాలింది, లోపల ఉప్పటి సిరెనే చీజ్ ఇంకా పొగలు కక్కుతోంది. అప్పట్నుంచీ మా మాస్టారు రెండు చకారాలకీ ఉదాహరణగా చెప్పిన వేమన పాదం వదలట్లేదు, "చంపదగినట్టి శత్రువు తనచేత"... ఇంతకీ దీన్ని ౘ (త్స లాగా పలికే చ) తోనే రాయాలా? మంచి బానిత్స ఎక్కడ తినాలో కూడా చెప్పండి.

ఛందోభిమాని: "దగినయట్టి" అండి. ఆ య పోతే ఆటవెలది రెండో గణం దగ్గరే ఆగిపోతుంది. చంపలో దంత్యం (ౘ), చేతలో తాలవ్యం (మామూలు చ), మాస్టారు చెప్పింది కరెక్టే.

కరీంనగర్: త్స రాస్తే ఏమైతది అన్నా, ఉత్సవం రాస్తలేమా?

ఛందోభిమాని: త్స సంయుక్తం, ముందున్న ని గురువైపోతుంది. బానిత్స త గణం (గురువు, గురువు, లఘువు), బానిౘ భ గణం (గురువు, లఘువు, లఘువు). బల్గేరియన్లకి అది ఒక్కటే అక్షరం, ఊనిక కూడా బా మీదే. కాబట్టి ౘ.

తణుకు: గుర్తు మాత్రం పెట్టాల్సిందే. ఉత్త "బానిచ" అంటే చాయ్, చాక్లెట్‌లో చ లాగా చదివేస్తారు, అరువు మాటల్లో అత్వం ముందు దంత్యం అనే సూత్రం నిలవదు కదా. యూనికోడ్‌లో 2008 నుంచీ ఉన్నా నా ఫోన్ కీబోర్డులో లేదు, కాపీ చేసి దాచుకున్నా.

మాటల మూట: అందరూ చివరక్షరమే పట్టుకున్నారు. మాట మొదలు మడత అనే ధాతువులో ఉందంటారు, సెర్బియా గిబానిత్స దీని చుట్టమే. మనకి మడత కాజా లేదూ? నేను మడతరొట్టె అంటా.

తణుకు: ఒప్పుకోను. పూతరేకుల్ని ఎవరో కాగితం మిఠాయి అంటే మనకెలా ఉంటుంది?

కరీంనగర్: జెన్‌స్కి పజార్ దిక్కు పో తమ్మీ, పొద్దున ఏడింటికల్లా. పజార్ అంటే మన బజారే. పక్కన బోజా తాగు, పులిసిన ధాన్యం పానీయం, చిక్కగ తియ్యపుల్లగ ఉంటది. గుమ్మడికాయది కావాలంటే తిక్వెనిక్ అని అడుగు. ఇగ పద్యం సంగతి, రెండో పాదం ఎవ్వరు రాయలే, "చిక్కెనేని కీడు సేయరాదు". చేయ సేయ ఎట్లయింది? చకారంల స నాదం దాగున్నది కాబట్టే గసడదవాదేశంల (ముందు మాట తర్వాత క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లు అయ్యే సంధిల) బయటపడ్డది, ఇది నా నమ్మకం.

ఛందోభిమాని: దాగున్నది ౘలో. చేయలో ఉన్నది తాలవ్యం కదండీ?

కరీంనగర్: పాతకాలంల అట్లనే పలికిన్రా?