మా హాస్టల్‌కు జేజే యాక్ట్ (జువెనైల్ జస్టిస్ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలా? (దేవరకొండ దగ్గర)

తండాబాట:
దేవరకొండ దగ్గర మా ట్రస్ట్ మగపిల్లల హాస్టల్ నడుపుతోంది. మొత్తం 36 మంది, అందరూ సర్కారు బడికే పోతారు. ఎక్కువమంది అమ్మానాన్నలు వలస పోయిన తండాల పిల్లలు. ఎనిమిది మందికి తల్లిదండ్రులు లేరు, సర్పంచ్ లెటర్ మీద చేర్చుకున్నాం. పడుకునే గదులు నాలుగు, ఒక్కోటి 14 బై 20 అడుగులు. ట్రస్ట్ డీడ్ ఉంది, ఆడిట్ ఉంది, ఇంకేం అక్కర్లేదని కమిటీలో కొందరి వాదన. త్వరలో తనిఖీ ఉంటుందంటున్నారు. ముందు ఏది సరిచేసుకోవాలి?

పద్దుపుస్తకం:
బోర్డు మీద హాస్టల్ అని ఉందా, ఆశ్రమం అని ఉందా ఎవరూ చూడరు. చూసేది అడ్మిషన్ రిజిస్టర్. పండక్కి వచ్చి పిల్లోణ్ణి తీసుకుపోయే తల్లిదండ్రులు, వాళ్ళ సంతకం, ఫోన్ నంబర్ ఉంటే అది హాస్టలే. ఆ ఎనిమిది మంది సంగతి వేరు. దిక్కులేని పిల్లల్ని ఉంచుకుంటే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 41 కింద రిజిస్ట్రేషన్ తప్పదు. ట్రస్ట్ డీడ్ దానికి బదులు కాదు. లేకపోతే సెక్షన్ 42: ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆలస్యమైన ప్రతి 30 రోజులూ మరో నేరం కింద లెక్క.

సర్పంచ్ లెటర్‌కు ఇక్కడ విలువ లేదు. అలాంటి పిల్లోడు దొరికితే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి (సీడబ్ల్యూసీ) ముందు హాజరుపరచాలి. ఎక్కడుండాలో చెప్పేది వాళ్ళ ఆర్డరే. కాబట్టి తనిఖీ కోసం ఆగకుండా, ఎనిమిది మంది వివరాలతో నల్గొండలో జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి మీరే పోండి. అమ్మమ్మో మేనమామో ఉంటే మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకంలో స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 వచ్చే దారి ఉంది, అర్హత వాళ్ళు చూస్తారు. పిల్లోడు ఇంట్లోనే పెరగొచ్చు.

ఒక్కటి మాత్రం చేయకండి. తనిఖీ అనగానే పిల్లల్ని రాత్రికి రాత్రి ఊళ్ళకు పంపొద్దు. రిజిస్టర్‌లో పేరుండి మనిషి లేకపోతే మొదటి అనుమానం మీ మీదే.

కొలతబద్ద:
రిజిస్ట్రేషన్‌కు పోతే దరఖాస్తు ఫారం 27. బైలాస్, కమిటీ సభ్యుల జాబితా, మూడేళ్ళ బ్యాలెన్స్ షీట్లు, పిల్లల వేధింపు కేసులూ బ్లాక్‌లిస్టూ లేవన్న డిక్లరేషన్ జతచేయాలి. కలెక్టర్ సిఫారసు చూసి ప్రభుత్వం ఎంతమంది పిల్లలో ఖరారు చేస్తుంది. దరఖాస్తు ముట్టినట్టు రశీదు తప్పక తీసుకోండి. నెలలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వకపోతే, గరిష్ఠంగా ఆరు నెలలు, ఆ రశీదే మీ రక్ష. పూర్తి రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకు.

స్థలం లెక్క: జేజే యాక్ట్ కింది 2016 మోడల్ రూల్స్‌లో పిల్లోడికి డార్మిటరీలో 40 చదరపు అడుగులు. మీవి నాలుగు 280లు, 1,120. అంటే 28 మందే. 50 మందికి 5 స్నానాల గదులు, 8 మరుగుదొడ్లు అన్నారు, మీవీ ఆ నిష్పత్తిలో చూసుకోండి.

తండాబాట:
36లో 28 పోను, చోటు చాలని ఎనిమిది మందిని డైనింగ్ హాల్లో పడుకోబెడితే?

కొలతబద్ద:
కుదరదండీ. డైనింగ్ హాల్ లెక్క విడిగానే అడుగుతారు. 320 చదరపు అడుగుల గది ఒకటి కట్టండి.

పాలమూరు అక్క:
గదులు కట్టుడు తేలికే తమ్మీ, మనుషుల తానే తప్పు జరుగుతది. పోక్సో అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, దాని 2020 రూల్స్ ప్రకారం పిల్లల దగ్గరికొచ్చే ప్రతి ఉద్యోగికి పోలీస్ వెరిఫికేషన్ కావాలె, మళ్ళ మళ్ళ చేయించాలె. వార్డెన్‌కు చేయించి ఊరుకుంటరు. వంటాయన, వాచ్‌మన్, కాంట్రాక్టు మీద వచ్చే ట్యూషన్ సారు? వాచ్‌మన్ మానేస్తే తెల్లారేసరికి కొత్తాయన ఉంటడు, కాయితం మాత్రం పాతాయనదే. పేరు మారిన రోజే ఫైల్ మార్చుండ్రి.

తన మీద అసుంటి నేరం జరిగిందని పిల్లోడు ఏమన్న చెప్తే "ముందు మనలో మనం విచారిద్దాం" అనొద్దు. పోక్సో చట్టం సెక్షన్ 19 కింద పోలీసులకు చెప్పుడే. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని ఇంచార్జి దాస్తే ఏడాది దాక జైలు, జరిమానా. పరువు పోతదని ఆగినోళ్ళే ఇరుక్కుంటరు.

దాతలు కేక్ కోసి ఫోటోలు వాట్సాప్‌ల పెడుతరు కదా, అది బంద్ చేయుండ్రి. సంరక్షణ అవసరమున్న పిల్లల గుర్తింపు బయటపెడితే జేజే యాక్ట్ సెక్షన్ 74, ఆరు నెలల దాక జైలు లేదా రెండు లక్షల దాక జరిమానా.

ఇంకోటి, ఫిర్యాదు పెట్టె. ఆఫీసు గోడకు కొడితే ఎవ్వడూ చీటీ వెయ్యడు. పడుకునే గదుల దిక్కు పెట్టుండ్రి. తాళంచెవి వార్డెన్ జేబుల కాదు, మేనేజ్‌మెంట్ కమిటీ ఛైర్‌పర్సన్ దగ్గర. వారానికోసారి పిల్లల కమిటీ ముందర తీసి, ఏ చీటీకి ఏం చేసిండ్రో పక్కన రాసుండ్రి. ఎప్పుడూ ఖాళీగనే ఉంటే పిల్లలు సుఖంగ ఉన్నరని కాదు, పెట్టె ఉన్న జాగ మార్చాలని.