ఇంట్లో చేసిన వైన్ తాగొచ్చు, ఒక్క సీసా అమ్మితే మాత్రం నేరం. ఎందుకు?

ద్రాక్షతీగ:
చాలా దేశాల్లో సొంతానికి వైనో బీరో పులియబెట్టుకుంటే ప్రభుత్వం పట్టించుకోదు. అందులోంచి ఒక్క సీసా డబ్బు తీసుకుని ఇస్తే చాలు, ఫ్యాక్టరీలకు రాసిన చట్టమంతా మీద పడుతుంది. తయారీ అదే, సరుకూ అదే, కొనేవాళ్లు అన్నీ తెలిసే కొంటున్నారు. మధ్యలో ప్రభుత్వానికేం పని? "ప్రజారోగ్యం" అని ఒక్క మాటతో తేల్చెయ్యకుండా, ఈ నియంత్రణ దేన్ని ఆపుతోందో, దేన్ని ఆపలేకపోతోందో తెలిసినవాళ్లు చెప్పండి.

గుమాస్తా:
ముందు సుంకం సంగతి చూడండి. అమెరికాలో 1978లో చేసిన చట్టం ప్రకారం ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గ్యాలన్ల (సుమారు 757 లీటర్లు) బీరు సుంకం లేకుండా చేసుకోవచ్చు. అమ్మకానికి మాత్రం చుక్క కూడా వీల్లేదు. బ్రిటన్ 1963లో ఇంటి బీరుకు లైసెన్సు ఎత్తేసింది, అదీ సొంత వాడకం వరకే. న్యూజిలాండ్ 1996లో ఇంకో అడుగు ముందుకేసి సొంతానికి బట్టీ పెట్టి సారా కాచుకోవడాన్ని కూడా అనుమతించింది. అమ్మాలంటే అక్కడా లైసెన్సు ఉండాల్సిందే.

లెక్క వేసి చూస్తే కారణం తెలుస్తుంది. 23 లీటర్ల క్యాన్‌లో 12 శాతం వైన్ ఉంటే అసలు ఆల్కహాల్ 2.76 లీటర్లు. ఆ కాస్తకు సుంకం వసూలు చేయాలంటే అధికారి వచ్చి కొలవాలి, రికార్డు చూడాలి. వచ్చే సుంకం కన్నా వచ్చిపోయే ఖర్చే ఎక్కువ. అందుకే ఎక్సైజ్ శాఖలకు నిషేధమే చవక. దీన్ని ఆరోగ్యం ఖాతాలో రాయడం నాకూ నచ్చదు.

హక్కుల సంగతికొస్తే, భారత సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని చెప్పేసింది. అయితే ప్రభుత్వం వ్యాపారానికి అనుమతించాక, అర్హత ఉన్నవాళ్ల మధ్య వివక్ష చూపకూడదని కూడా అందులోనే ఉంది. చిన్న తయారీదారులు పట్టుకోవాల్సింది ఈ రెండో ముక్క.

హైడ్రోమీటర్:
తీగ గారూ, "సరుకూ అదే" అన్నదాంతో నాకు పేచీ ఉంది. మీరు తాగే సీసా మీ ఇంట్లో, మీ కళ్లముందు ఉంటుంది. అమ్మిన సీసా వేసవిలో ఎవరి కారు డిక్కీలో పడి ఉంటుందో మీకు తెలీదు.

తీపి వైన్‌లో మిగిలిన చక్కెర లీటరుకు 4 గ్రాములు మళ్లీ పులిసినా సీసాలో దాదాపు 1 బార్ (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఒత్తిడి పెరుగుతుంది. 20 గ్రాములైతే 5 బార్లు. షాంపేన్ సీసాలకు దళసరి గాజు వాడేది అందుకే. మామూలు వైన్ సీసా ఆ ఒత్తిడికి చేసింది కాదు. బిరడా ఎగిరిపోతే అదృష్టం, లేదంటే గాజు పేలుతుంది.

కాబట్టి సీసాల్లో నింపేముందు వరసగా మూడు రోజులు హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రతను బట్టి చక్కెర ఎంతుందో చూపే పరికరం) రీడింగ్ మారకుండా ఉండాలి. తీపి కావాలంటే పులియడం ఆగి, వైన్ తేరుకున్నాక మళ్లీ పులియకుండా ఆపే పొటాషియం సార్బేట్, సల్ఫైట్ రెండూ వేయాలి, చక్కెర ఆ తర్వాతే. సల్ఫైట్ మానేసి సార్బేట్ ఒక్కటే వేస్తే లాక్టిక్ బాక్టీరియా దాన్ని మార్చేసి జెరేనియం ఆకు నలిపిన వాసన తెప్పిస్తుంది. ఆ వాసన ఇక పోదు, పారబోయడమే.

లేబుల్ మీద ఆల్కహాల్ శాతం వేయడం ఇంకో తలనొప్పి. మొదటి రీడింగ్ 1.090, చివరిది 1.000 అయితే తేడాని 131.25తో గుణించండి, 11.8 శాతం వస్తుంది. చివర్లో తీపి కలిపాక తీసిన రీడింగ్‌తో లెక్క కడితే శాతం తక్కువ చూపిస్తుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. 14 శాతం లోపు వైన్‌కి అమెరికా 1.5 శాతం తేడా దాకా ఒప్పుకుంటుంది, యూరప్‌లో సాధారణంగా అర శాతమే. సల్ఫైట్ లీటరుకు 10 మి.గ్రా. దాటితే రెండు చోట్లా లేబుల్ మీద ఆ మాట ఉండాలి. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి అది పడదు.

ల్యాబ్‌కోటు:
మిథనాల్ (విషమైన ఒక రకం ఆల్కహాల్) పేరు చెప్పి ఇంటి వైన్‌ని భయపెట్టడం దండగ. పండు గుజ్జులో ఉండే పెక్టిన్ అనే పదార్థం నుంచి కొద్దిగా వస్తుంది, అంతే. అంతర్జాతీయ వైన్ సంస్థ పెట్టిన పరిమితి రెడ్ వైన్‌కి లీటరుకు 400 మి.గ్రా., వైట్‌కి 250. సామూహిక మరణాల వెనక దాదాపు ఎప్పుడూ ఉండేది పరిశ్రమల మిథనాల్‌ని ఎవరో కలపడం. అది పులియబెట్టేవాడి పొరపాటు కాదు, అమ్మేవాడి మోసం.

వాసనకీ రుచికీ మిథనాల్ దొరకదు. వెలిగించి మంట రంగు చూసే పరీక్ష కూడా నమ్మదగింది కాదు. ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. లక్షణాలు బయటపడటానికి 12 నుంచి 24 గంటలు పట్టొచ్చు, ఈలోగా అదే క్యాన్‌లోంచి ఇంకెందరో తాగేస్తారు. "బట్టీలో మొదటి ధార పారబోస్తే మిథనాల్ పోతుంది" అన్న మాటా సగమే నిజం, నీళ్లతో ఆల్కహాల్‌తో కలిసి అది చివరిదాకా వస్తూనే ఉంటుంది. "తెలిసే కొంటున్నారు" అన్న వాదన ఇక్కడ నిలవదు. కొనేవాడు తెలుసుకోవడానికి దారే లేదు.

ద్రాక్షతీగ:
సరే, బట్టీ సంగతి వదిలేస్తా. పులియబెట్టినవాటికి మాత్రం చిన్న తయారీదారుల కోసం తేలిక లైసెన్సు లాంటి ఒక చిన్న మెట్టు పెట్టొచ్చుగా?

గుమాస్తా:
పెట్టొచ్చు. ఏడాదికి ఇన్ని లీటర్లని ఒక హద్దు, ఆల్కహాల్ 15 శాతం మించకూడదు, కొలిచి కాకుండా ఏడాదికి ఒకేసారి కట్టే సుంకం, తయారుచేసినవాళ్లే వయసు చూసుకుని చేతికివ్వడం, మధ్యలో దుకాణం లేకపోవడం. ప్రతి సీసా మీద బ్యాచ్ నంబరు. పుస్తకంలో తేదీ, రెండు రీడింగులు, ఎన్ని లీటర్లు, ఎన్ని సీసాలు. ఒక బ్యాచ్‌లో తేడా వస్తే ఆ సీసాలే వెనక్కి తెప్పించవచ్చు. అలా చేయలేనివాళ్లు అమ్మకపోవడమే మంచిది.

అయితే ఆ హద్దు దాటలేదని తేల్చేది తనిఖీయే. లైసెన్సున్న చోటికి వారెంటు లేకుండా రావచ్చని ఎక్సైజ్ చట్టాల్లో మామూలుగా ఉంటుంది. క్యాన్ పడగ్గది మూల ఉంటే ఆ గది కూడా లైసెన్సున్న చోటే అవుతుంది. స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లు ఫీజు మీద పోట్లాడి దీన్ని వదిలేస్తారు. దరఖాస్తుతో ఇచ్చే ప్లాన్‌లో బయటికి విడిగా తలుపున్న ఒక్క గదినే చూపించి, సరుకూ సీసాలూ పుస్తకమూ అన్నీ అందులోనే పెట్టండి. మిగతా ఇల్లు ఆ కాగితం మీద ఉండకూడదు.