మాలర్ తొమ్మిదవ సింఫనీ, 1938 వియన్నా కచేరీ: ఈ రికార్డును ఎలా వినాలి?

పద్మారావునగర్ శ్రోత:
చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన నేను రెండేళ్లుగా ఆస్ట్రియా స్వరకర్త గుస్టావ్ మాలర్ సింఫనీలు, అంటే పెద్ద వాద్యబృందం (ఆర్కెస్ట్రా) కోసం రాసిన అనేక భాగాల కృతులు, వింటున్నాను. గత నెల ఆబిడ్స్‌లో ఆదివారం నాడు ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల మధ్య, ఒక సీడీ దొరికింది. 1938 జనవరి 16న వియన్నాలో బ్రూనో వాల్టర్ నిర్వహించిన, అంటే ఆర్కెస్ట్రా ముందు నిలబడి నడిపించిన, తొమ్మిదవ సింఫనీ కచేరీ అది. ఇదే కృతిని స్టీరియోలో విని ఉన్నందువల్ల కాబోలు, నాకు ముందుగా గరగర, దగ్గులు, కుర్చీల చప్పుడే వినిపించాయి. మొదటి భాగం తొందరపడుతున్నట్టు తోచింది. పైగా ఇంటర్నెట్‌లో దొరికిన ఇదే కచేరీ మరో ప్రతిలో శ్రుతి కొంచెం హెచ్చుగా ఉంది. చరిత్ర కోసం కాక సంగీతం కోసం దీనిని వినవలసిన అవసరం ఉందా? మాలర్ పాటలకు ఆ కాలపు కచేరీ రికార్డులలో దేనితో మొదలుపెట్టమంటారు?

విద్యానగర్ వాసి:
సంగీతం కోసమే వినాలని నా అభిప్రాయం. మాలర్ 1911 మేలో మరణించాడు, తన తొమ్మిదవ సింఫనీని ఆయన కచేరీలో వినలేదు. 1912 జూన్‌లో వియన్నాలో దానిని తొలిసారి వినిపించినది ఈ వాల్టరే. 1938లో మొదటి వయోలిన్ల ముందు కూర్చున్న ఆర్నాల్డ్ రోజే 1881 నుంచీ ఆ స్థానంలో ఉన్నవాడు, మాలర్ చెల్లెలు యుస్టీనే భర్త. అంటే మాలర్ చేతి కింద వాయించినవారి వాయిద్యం మీకు ఆ గరగర వెనుక వినిపిస్తోంది.

చివరి భాగం మొదట్లో వయోలిన్లన్నీ కలిసి ఎత్తుకునే చోట ఒక్కసారి ఆగి వినండి. ఒక స్వరం నుంచి మరో స్వరానికి వేలు తీగ మీద జారుతూనే పోతుంది. మన విద్వాంసులు జారు అనే దానికి ఇది చాలా దగ్గరగా వినిపిస్తుంది. మన సంగీతంలో జారు రాగ స్వరూపానికి చెందినదైతే, ఇక్కడ అది ఆనాటి వయోలిన్ చేతివాటం. తరువాతి తరాల ఆర్కెస్ట్రాలు ఆ అలవాటును దాదాపుగా వదిలేశాయి కనుక స్టీరియో రికార్డులో మీకది వినపడి ఉండదు.

వేగం విషయానికి వస్తే, 1938లో మొత్తం కృతి సుమారు 70 నిమిషాలు, చివరి భాగం 18 నిమిషాలు. అదే వాల్టర్ తన 84వ ఏట, 1961లో అమెరికాలో స్టూడియోలో చేసినప్పుడు ఆ చివరి భాగానికే 21 నిమిషాలు పట్టింది. మాలర్‌కు దగ్గరివాడైన ఒకే మనిషి చేతిలో రెండు నడకలున్నప్పుడు, ఇదే అసలైనదని ఒకదానిని పట్టుకుని కూర్చోవడం నాకు సబబుగా తోచదు.

ఈ కచేరీ జరిగిన రెండు నెలలకు జర్మనీ ఆస్ట్రియాను కలుపుకుంది. యూదులైన వాల్టర్, రోజే ఇద్దరూ ప్రవాసంలోకి వెళ్లవలసి వచ్చింది. రోజే కుమార్తె ఆల్మా 1944లో ఆష్‌విట్జ్ నాజీ నిర్బంధ శిబిరంలో మరణించింది. అయినా జనవరిలో వాయించినవారికి మార్చి సంగతి తెలియదు; ఆ దుఃఖాన్ని ముందే మనసులో పెట్టుకుని వింటే వారి వాయిద్యంలోని తెగువ, ఉద్వేగం మనకు అందకుండా పోతాయి.

నల్లకుంట నుంచి:
పాటల గురించి చెబుతాను. మాలర్ ఆర్కెస్ట్రాను నిర్వహిస్తుండగా పట్టిన రికార్డు ఏదీ లేదు. 1905 నవంబరులో ఆయన పియానో రోల్స్ మీద, అంటే వాయించినది రంధ్రాలుగా నమోదై తరువాత యంత్రపు పియానోపై మళ్లీ మోగే కాగితపు చుట్టల మీద, తన పాటలు రెండింటినీ, నాలుగవ సింఫనీలో సొప్రానో (హెచ్చు స్థాయి స్త్రీ గాత్రం) పాడే చివరి భాగాన్నీ వాయించాడు. అవి విన్న తరువాత, విల్లెం మెంగెల్‌బెర్గ్ 1939 నవంబరు 9న ఆమ్‌స్టర్‌డామ్‌లో యో విన్సెంట్ గాత్రంతో చేసిన నాలుగవ సింఫనీ కచేరీ వినండి. కృతి మొదట్లోనే ఆయన నడకను సాగదీసే తీరు వింతగా అనిపిస్తుంది. కానీ 1904లో అదే నగరంలో మాలర్ స్వయంగా ఒకే సాయంత్రం ఈ సింఫనీని రెండుసార్లు నిర్వహించినప్పుడు విన్నవాడు మెంగెల్‌బెర్గ్.

ఇద్దరు గాయకులు, ఆర్కెస్ట్రా కోసం మాలర్ రాసిన పాటల కృతి 'దాస్ లీడ్ ఫాన్ డేర్ ఎర్డె' ('భూమి పాట')కు మాత్రం 1948 జనవరిలో న్యూయార్క్‌లో వాల్టర్, కాథ్లీన్ ఫెరియర్, సెట్ స్వాన్‌హోల్మ్ చేసిన కచేరీతో మొదలుపెట్టండి. ఫెరియర్ 1952లో వియన్నాలో చేసిన స్టూడియో రికార్డు ప్రసిద్ధమైనదే, అయితే అప్పటికే ఆమె క్యాన్సర్‌తో బాధపడుతోంది. 1948లో ఆ మంద్రస్థాయి కంఠానికి శ్రమ అన్నది తెలియదు.

1939 అక్టోబరులో జర్మన్ నిర్వాహకుడు కార్ల్ షూరిఖ్ట్ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇదే కృతిని నిర్వహిస్తుండగా, చివరి పాట మధ్యలో ప్రేక్షకులలోంచి ఒక స్త్రీ అప్పటి జర్మన్ జాతీయగీతపు మొదటి మాటలను షూరిఖ్ట్ పేరుతో కలిపి పలికిన గొంతు రికార్డులో స్పష్టంగా ఉంది. సంగీతం ఆగలేదు. నేను దానిని ఒక్కసారే విన్నాను, మళ్లీ వినలేకపోయాను.

సైనిక్‌పురి శ్రోత:
శ్రుతి తేడాకు కారణం ఆనాటి గ్రామఫోన్ ప్లేటు తిరిగిన వేగం. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పెరుగుతుంది, 70 నిమిషాల కృతి 66 నిమిషాలకు దిగుతుంది. ఈ సింఫనీ విషయంలో అది చిన్న లోపం కాదు. మొదటి భాగం డి మేజర్‌లో, అంటే డి స్వరం ఆధారంగా, మొదలై, చివరి భాగం సరిగ్గా ఒక స్వరస్థానం కింద, డి ఫ్లాట్ మేజర్‌లో ముగుస్తుంది. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని రెండు ప్రతులనూ పోల్చి చూడండి, మీ చెవికి ఇట్టే తెలుస్తుంది. గరగర పూర్తిగా తీసేసిన ప్రతిని మాత్రం కొనకండి; దానితోపాటు వయోలిన్ల పై స్థాయి నాదమూ, హాలులోని గాలీ పోతాయి.

పద్మారావునగర్ శ్రోత:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఫ్యాను కట్టేసి చివరి భాగం మాత్రం మూడుసార్లు విన్నాను. విద్యానగర్ వారు చెప్పిన జారు మొదటి వాక్యంలోనే దొరికింది, మూడోసారికి దగ్గులు నా ధ్యాసలో లేవు. శ్రుతిపెట్టెతో చూస్తే నా సీడీయే సరైనదని, ఇంటర్నెట్ ప్రతి దాదాపు అర స్వరస్థానం పైన ఉందని తేలింది. ఈ శనివారం ఫెరియర్ కచేరీ వింటాను.